భూతద్దంగారి నలభై సున్నాలు

ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఆయన వాళ్ళకంటే ఒక మెట్టు పైన. ఎదుటివాడు ఆవలించబోతున్నాడని ముందే పసిగట్టి, ఎందుకు ఆవలిస్తున్నాడో, నిద్రపోవాల్సిన వేళ ఏం వెలగబెట్టాడో ఆరా తీసే మనిషి. ఊళ్ళో ఆయన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళు ఒకరిద్దరు మిగిలారేమో. రేవు గేటు కాపలాదారు మొదలు పెద్దాఫీసరు దాకా అందరికీ ఆయన భూతద్దంగారే. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట మడత భూతద్దం ఉండేది కనక ఆ పేరు వచ్చింది. దాంతో ఆఫీసులో పళ్ళూ మొక్కలూ చూసేవాడు, బజార్లో త్రాసు ముల్లు చూసేవాడు, ఇంటికొచ్చాక వంటింటి గట్టు మీద వంకాయలు చూసేవాడు.

"ఒక్కసారి నా మొహం కూడా ఆ అద్దంలోంచి చూడండి. పెళ్ళయి పాతికేళ్ళయింది, ఎక్కడైనా పుచ్చు కనిపిస్తుందేమో," అనేది భార్య.

ఆయన నవ్వేవాడు కాదు. ఈ మాట ఇవాళే ఎందుకంది అని ఆలోచించేవాడు.

అంత అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. మొక్కల తనిఖీ ఆఫీసులో ఆయనది ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం. ఓడల్లో వచ్చే పళ్ళతో, విత్తనాలతో, చెక్కపెట్టెలతో పాటు టిక్కెట్టు లేకుండా దిగే పురుగుల్ని పట్టుకోవడం ఒక పని. ఇక్కణ్ణించి వెళ్ళే సరుకులో పురుగు లేదని అవతలి దేశాలకు రాసివ్వడం రెండో పని. చేరిన కొత్తలో ఒక ఓడలో రెండు వందల నీడచెట్ల మొక్కలు దిగాయి. వాటితో వచ్చిన కాయితం ముచ్చటగా ఉంది. నాలుగు ముద్రలు, రెండు సంతకాలు, ఏ పురుగూ లేదని హామీ. ఎండ మాడిపోతోంది, లారీ డ్రైవరు తొందరపెడుతున్నాడు. మన కుర్ర ఉద్యోగి పెట్టెలు తెరవకుండానే సంతకం పెట్టేశాడు. మూడేళ్ళకు రేవు వీధి చెట్ల మొదళ్ళలో రంపపుపొట్టు రాలడం మొదలైంది. బెరడు ఒలిచి చూస్తే చిటికెన వేలంత పురుగులు. వీధి పొడుగునా నూట పద్నాలుగు చెట్లు కొట్టేయించాల్సి వచ్చింది.

కొడుతున్న పది రోజులూ ఆయన ఆ వీధిలోనే నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆ సంతకం ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. ఆయనకు మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ఏ కాయితాన్నీ నమ్మలేదు. "పురుగుకి చదువు రాదయ్యా. నీ కాయితంలో ఏం రాసుకొచ్చావో దానికి తెలీదు," అని ఎంత పెద్ద వ్యాపారి మొహం మీదైనా అనేవాడు. కాయితాల మీద మొదలైన అనుమానం తర్వాత తర్వాత మనుషుల మీదికి పాకింది. దాన్ని ఆపేవాళ్ళు లేకపోయారు.

ఊరి వెనక కొండవాలు మీద నారింజ తోటలున్నాయి. ఆ పళ్ళు సముద్రం దాటి అవతలి దేశానికి పోతాయి. వాటికి పండు ఈగ ఒక్కటే శత్రువు. పండు తొక్కకు సూదిమొనంత బెజ్జం చేసి లోపల గుడ్లు పెడుతుంది. పైకి పండు నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే లుకలుక. అవతలి దేశంలో ఆ ఈగ లేదు, ఉండకూడదని వాళ్ళ పట్టుదల. అందుకని రెండు దేశాలూ కూచుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. కొండవాలు మీద ఎంచిన నలభై చెట్లకు ఎర డబ్బాలు కట్టాలి. వారం వారం తెరిచి చూడాలి. ఎన్ని ఈగలు పడ్డాయో ఉన్నదున్నట్టు రాసి పంపాలి. నలభై డబ్బాల్లోనూ సున్నా వస్తే పళ్ళు నేరుగా ఓడెక్కుతాయి. ఇలా ఒకరి తెగుళ్ళు ఒకరికి చెప్పుకునే దేశాలు ఇంకా చాలా ఉన్నాయి, ఒకరి దగ్గర ఏం జరిగినా అందరికీ తెలియాలని వాళ్ళ కట్టుబాటు. భూతద్దంగారు ఈ ఏర్పాటును మెచ్చుకుంటూనే అవతలివాళ్ళను అనుమానించేవాడు.

అవతలి రేవులో ఈయన పట్టికలు అందుకునే అధికారిణి ఒకావిడ. తొమ్మిదేళ్ళుగా ఉత్తరాలే తప్ప మనిషిని చూసింది లేదు. 'మీ నలభై సున్నాలు అందాయి, కృతజ్ఞతలు' అని ప్రతి వారం రాసేది. సున్నాలకు కృతజ్ఞతలెందుకో, అందులో ఏం మతలబుందో అని ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివేవాడు.

నలభై చెట్లూ తిరిగే పని ఆయన బావమరిదిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. చదువు అబ్బలేదు, కాళ్ళు మాత్రం గట్టివి. భార్య పోరగా పోరగా ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద ఆయనే పెట్టించాడు. పెట్టించిన రోజు నుంచే ఒక కన్నేసి ఉంచాడు. 'బావ బతకగోరతాడు' అని సామెత ఉన్నమాట నిజమే గానీ, బావమరిది పని చేస్తాడని ఏ సామెతా చెప్పలేదు కదా అని ఆయన వాదన.

బావమరిది ఇవేం పట్టించుకునే రకం కాదు. ఎర డబ్బాలో లవంగం వాసన వేసే ఒక బిళ్ళ ఉంటుంది. మగ ఈగ ఆ వాసన పట్టుకుని లోపలికి దూరుతుంది, మరి బయటికి రాలేదు. దాని మీద అతనికి ఒక పాత జోకు ఉంది. "మగాడి బతుకింతే బావా. వాసన బావుందని లోపలికి దూరతాడు, బయటికి దారి దొరకదు. నీకు నేను చెప్పాలా?" అని అక్క వినేటట్టు అనేవాడు. అక్క గరిటె ఎత్తేది. ఆ ఇంట్లో నవ్వులు వినపడేది అతను వచ్చినప్పుడే. ఆయన కూడా మీసాల కింద కాస్త నవ్వి, వెంటనే సర్దుకునేవాడు.

ఇక ఆ బిళ్ళల సంగతి. అవి వెండికాయితం పొట్లాల్లో వస్తాయి, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఆ యేడు మొదట్లో ఒకరోజు ఆయన ఫ్రిజ్ తెరిస్తే బిళ్ళల పెట్టె పక్కన ఎవరిదో టిఫిను డబ్బా కనిపించింది. పెట్టె మూల కాస్త చినిగి ఉంది. ఇంకేముంది. ఎవరో బిళ్ళలు మారుస్తున్నారు, లేదా మార్చబోతున్నారు. టైపిస్టును అడిగాడు, స్వీపరును అడిగాడు, పెద్దాఫీసరు డ్రైవర్ని నిలదీశాడు. అందరూ కాదన్నారు. అందరూ ఒకే మాట అన్నారంటే కూడబలుక్కున్నారన్నమాటే కదా! పెట్టె మొత్తం తీసుకెళ్ళి వెనక రేకుల గదిలో తన ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. నాలుగు రోజుల మాట అనుకున్నాడు, ఫ్రిజ్‌కి ఒక గొళ్ళెం, తాళం బిగించేదాకా. తాళం వచ్చింది. దానికి రెండు చెవులొచ్చాయి. రెండు వచ్చాయంటే బిగించినవాడి దగ్గర మూడోది ఉండదని నమ్మకమేమిటి? ఆ తాళం పక్కన పడేశాడు. నాలుగు రోజులు కాస్తా ఏడు నెలలయ్యాయి. బిళ్ళలు మాత్రం భద్రంగా ఉన్నాయి, ఆయన తప్ప నరమానవుడు ముట్టుకోలేదు.

మధ్యలో రెండుసార్లు బావమరిది, "బావా, ఈ యేడు బిళ్ళలకి వాసన లేదు. లవంగం ఘాటు ముక్కుకి కొట్టాలి కదా, ఏమీ లేదు," అన్నాడు.

"నీ ముక్కుకి పడిశం పట్టుంటుంది. పని ఎగ్గొట్టడానికి ఇదో సాకా?" అన్నాడు ఈయన. అతను భుజాలెగరేసి బండెక్కి పోయాడు.

వారం వారం నలభై సున్నాలు అవతలికి వెళుతూనే ఉన్నాయి. ఒక సోమవారం పొద్దున అవతలి నుంచి కృతజ్ఞతలకు బదులు నోటీసు వచ్చింది. మీ రేవు నుంచి వచ్చిన నారింజల్లో మూడు పళ్ళలో పండు ఈగ పురుగులు దొరికాయి, ఓడ సరుకు ఆపేశాం, కారణం చెప్పండి అని. కింద ఆవిడ సంతకం. వచ్చే నెల స్వయంగా వచ్చి చూస్తానని ఒక వాక్యం.

భూతద్దంగారు ఆ నోటీసును వెలుగుకు ఎత్తి చూశాడు, కాయితంలోనే ఏమైనా మోసం ఉందేమోనని. మొదట ఆయన అనుమానం ఆవిడ మీద. వాళ్ళ తోటల పంట ఈసారి బాగా వచ్చినట్టుంది, మన సరుకు ఆపడానికి వాళ్ళే పురుగుల్ని వేసుంటారు. కానీ నోటీసుతో పంపిన ఫొటోల్లో పెట్టెల ముద్రలు చెక్కుచెదరలేదు. తర్వాత పళ్ళు పెట్టెలకెత్తే షెడ్డు వాళ్ళ మీదికి పోయింది. అక్కడా ఏమీ దొరకలేదు. ఆఖరికి ఒక్క ప్రశ్న మిగిలింది. కొండవాలు మీద ఈగలుంటే డబ్బాల్లో ఎందుకు పడలేదు? పడకుండా ఉండవు. డబ్బాలు చూడాల్సినవాడు చూడలేదన్నమాట. ఎక్కడో కూచుని సున్నాలు చుడుతున్నాడు. 'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అనుకున్నాడు ఆయన. ఈశ్వరుడు పట్టలేకపోతే పోనీ, తను పడతాడు.

ఆ గురువారం ఆయన సెలవు పెట్టి, టోపీ ఒకటి నెత్తిన పెట్టుకుని, ఆటోలో కొండదారి మొదట్లో దిగాడు. టోపీ పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరని ఆయన నమ్మకం. దారిలో ముగ్గురు "నమస్కారం భూతద్దంగారూ" అన్నారు. మలుపు దగ్గర టీ కొట్టు ముందు బావమరిది బండి ఆగి ఉంది. ఆయన ఎదురుగా మందుల షాపులో నిలబడి కనిపెట్టుకుని చూశాడు. బండి పదింటికి ఉంది, పదకొండింటికి ఉంది, పన్నెండైనా కదల్లేదు. సాయంత్రం ఆఫీసులో అందిన పట్టికలో పదకొండుంబావుకు ఇరవై మూడో చెట్టు, సున్నా అని రాసి ఉంది.

ఇంకేం కావాలి? ఆయన ఆ రోజే పెద్దాఫీసరుకు రాసిచ్చాడు. 'సున్నాలు నమ్మదగినవి కావు, చెట్ల దగ్గరికి వెళ్ళకుండా రాసినవి, నేను కళ్ళారా చూశాను' అని. బావమరిది అని మొహమాటపడలేదు, ఆ విషయంలో తన మీద తనకు కొంత గౌరవం కూడా కలిగింది. మర్నాడే అతన్ని పని మానమన్నారు. అవతలి దేశం ఆవిడ వచ్చి వెళ్ళాక కాంట్రాక్టు పూర్తిగా రద్దవుతుందని, తప్పుడు లెక్కలు రాసినవాడని ఆ పేరు రికార్డులో ఉండిపోతుందని, మరి ఏ ఆఫీసులోనూ తీసుకోరని చెప్పారు.

బావమరిది తిన్నగా ఇంటికొచ్చాడు.

"బావా, నువ్వేనటగా రాసింది?"

"నేనే. పదకొండుంబావుకి నీ బండి ఎక్కడుంది?"

"టీ కొట్టు దగ్గర. ఇరవై నుంచి ముప్పై దాకా చెట్లకి కాలిబాటే కదా, బండి ఎక్కదు. అక్కడ పెట్టి నడిచిపోతాను. ఐదేళ్ళ నుంచీ అంతే."

"ఆ ముక్క నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడూ అడగలేదే!"

భూతద్దంగారు కళ్ళు చికిలించాడు. ఇంత తడుముకోకుండా జవాబు చెప్పాడంటే ముందే వల్లెవేసుకుని వచ్చాడని అర్థం. ఆ మాటే పైకి అన్నాడు.

 బావమరిది అక్క వైపు తిరిగి, "వెళ్ళొస్తానే," అని చెప్పులేసుకున్నాడు. ఆవిడ వాకిలి దాకా వెళ్ళి, తమ్ముడు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి అన్నం వడ్డించింది. ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడగడం మానేసింది.

నెల తిరక్కుండా అవతలి దేశం ఆవిడ దిగింది. పొట్టిగా, ఇంచుమించు ఆయన వయసే, కాళ్ళకు గుడ్డ బూట్లు, చేతిలో ఐసు పెట్టె. ఇద్దరికీ అంతంతమాత్రంగా వచ్చే మూడో భాషలో మాట్లాడుకున్నారు. ఆ ఐసు పెట్టెను ఆయన కళ్ళతోనే జల్లెడ పట్టాడు. అందులో ఈగల్ని తెచ్చిందేమోనని ఆయన భయం. ఐసులో ఈగలు బతకవని తెలుసు, అయినా ఆవిడ కారెక్కబోతుండగా పెట్టె ఎత్తి అడుగు చూశాడు. ఆవిడ తక్కువ తిన్నది కాదు. మీరు ఎంచిన చెట్టు కాదు, నేను ఎంచిన చెట్టు చూస్తాను అంది. సరాసరి ఇరవై మూడు అంది.

కాలిబాట నిజంగానే బండి ఎక్కని బాట. ఆయన రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. ఐదేళ్ళలో ఆ చెట్టు దాకా రావడం ఆయనకు అదే మొదటిసారి.

ఆవిడ డబ్బా దించి మూత తిప్పింది. అడుగున రెండు చచ్చిన చీమలు, ఒక సాలెపురుగు, ఈగ లేదు. మూత లోపలివైపు చూపించి, "ఇవేమిటి?" అంది. చిన్న చిన్న పెన్సిలు గీతలు. నాలుగు నిలువు, వాటి మీద ఒక అడ్డం, మళ్ళీ నాలుగు నిలువు. లెక్కపెడితే ఇరవై తొమ్మిది. ఆ యేడు కొత్త ఎర డబ్బాలు కట్టిన నాటి నుంచి బావమరిదిని మాన్పించిన నాటికి ఇరవై తొమ్మిది వారాలు. అలా గీయమని అతనికి ఎవరూ చెప్పలేదు. డబ్బా తెరిచిన ప్రతిసారీ గుర్తుగా తనే గీసుకునేవాడు కాబోలు.

"అన్నీ ఒక్కరోజే కూచుని గీసి ఉంటాడు," అన్నాడు భూతద్దంగారు.

"అద్దం మీ దగ్గరే ఉందిగా, చూడండి," అంది ఆవిడ.

చూశాడు. మొదటి గీతలు మాసిపోయి, వాటి మీద సాలెగూటి పోగులు అంటుకుని ఉన్నాయి. చివరివి నల్లగా మెరుస్తున్నాయి. తొమ్మిదోది పెన్సిలు కాదు, నీలం పెన్ను. పదిహేనో గీత వాన తడికి అలుక్కుపోయింది. ఇరవై నాలుగో చెట్టు డబ్బా చూసినా తొమ్మిదోది నీలమే, పదిహేనోది అలుక్కుపోయిందే. సాయంత్రం దాకా పద్దెనిమిది డబ్బాలు దించి చూశారు. ఒక్కదాంట్లో తేడా లేదు. కూచుని ఒక్కరోజులో గీసిన గీతలు కావవి, ప్రతి వారం ఆ ఆయాసమంతా పడి ఒక మనిషి వచ్చి వెళ్ళిన గుర్తులు. ముప్పై ఏళ్ళుగా మనుషుల తప్పులు వెతికిన అద్దం ఆ రోజు ఆయన చేతిలోనే ఎదురు తిరిగింది. 

మరి ఈగలేవి? ఆవిడ తన ఐసు పెట్టెలోంచి కొత్త బిళ్ళ తీసి, కొత్త డబ్బాలో పెట్టి, పాత డబ్బా పక్క కొమ్మకే కట్టింది. ఆవిడ దారంతో ముడేసి సీలు వేసింది. దాని మీద ఈయన ఇంకో ముడేసి తన సీలు వేశాడు. 

మర్నాడు మధ్యాహ్నానికి కొత్త డబ్బాలో పదిహేడు ఈగలున్నాయి. పాత డబ్బాలో సున్నా.

ఆవిడ సంతోషిస్తుందేమోనని ఆయన ఓరగా చూశాడు. ఆవిడ ఒక రాయి మీద కూలబడి, మొహం చేతులతో తుడుచుకుంది. "ఈ తోటల్లో ఈగ ఉండకూడదని నేనూ కోరుకున్నాను," అంది. పాత డబ్బాలో బిళ్ళ వాసన చూసి, "మీ బిళ్ళలు ఎక్కడ పెడతారు?" అని అడిగింది.

"ఎవరి చేతికీ అందని చోట," అన్నాడు భూతద్దంగారు. ఆ నిమిషం దాకా ఆ మాట ఆయనకు గొప్పగానే ఉండేది.

ఆఫీసుకి తిరిగొచ్చి రేకుల గది తలుపు తీశాడు. మధ్యాహ్నం రెండు గంటల వేళ. బీరువా పిడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. తలుపు తెరవగానే లోపలి వేడి పొయ్యి మూత తీసినట్టు మొహాన కొట్టింది. ఆయన ఒక పొట్లం విప్పి బిళ్ళను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎండలో పడేసిన అట్టముక్క వాసన వేసింది. ఇంకోటి విప్పాడు, ఇంకోటి విప్పాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆయన ఊరిని వెతికి, రేవును వెతికి, అవతలి దేశాన్ని వెతికి, ఇంట్లో మనిషిని వీధిలో నిలబెట్టాడు. ఆవిడ పక్కన నిలబడి ఒక్క మాట అనలేదు. అని ఉంటే కాస్త బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

సాయంత్రం పెద్దాఫీసరు ఆయన్ని లోపలికి పిలిచి తలుపేశాడు.

"ఇదంతా ఎందుకు రాయడమండీ? ఆ కాంట్రాక్టు మనిషి సరిగ్గా చూడలేదని ఇప్పటికే మీరు రాసిచ్చారు. అదే ఉంచేద్దాం. అతనికి ఎలాగూ ఉద్యోగం పోయింది. మీకింకా రెండేళ్ళ సర్వీసుంది, ఆఫీసుకి పరువుంది. ఆలోచించుకోండి."

బయట వరండాలో ఆవిడ బెంచీ మీద కూచుని ఉంది. ఆవిడకు ఆ మాటలు వినపడ్డాయో లేదో తెలీదు. "రిపోర్టు మీ చేతిది, నేను దాని కింద సంతకం పెట్టేది నిజమైతేనే," అంది. "ఇది మన రెండు దేశాల మధ్యే ఉండిపోదు, ఒప్పందంలో ఉన్నవాళ్ళందరికీ వెళ్తుంది. ఒక పనివాడు మోసం చేశాడని రాస్తే వాళ్ళు చదివి పక్కన పడేస్తారు. బీరువా అని రాస్తే అందరూ వెళ్ళి తమ తమ బీరువాలు తెరిచి చూసుకుంటారు."

ఆయన ఇంటికెళ్ళాడు. దారి పొడుగునా తనకు తను సాకులు వెతుక్కున్నాడు, దొరికాయి కూడా. బిళ్ళలు పంపిన కంపెనీది తప్పు కావచ్చు. టిఫిను డబ్బా పెట్టినవాడిది తప్పు కావచ్చు. ఇంటికెళ్ళి, చెప్పకూడదనుకుంటూనే భార్యకు జరిగిందంతా చెప్పాడు. ఆవిడ పొయ్యి కట్టేసి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నెల తర్వాత మొదటిసారి ఆయనకు ఎదురుగా కూచుంది.

"ఆ బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే."

"ఇంకో తాళం?"

"లేదు. ఒక్కటే."

"ఇంకెవరైనా తెరిచారా, ఇన్ని నెలల్లో?"

"లేదు."

"అయితే రాయండి," అని లేచి లోపలికి పోయింది.

రాశాడు. 'ఎర బిళ్ళలను చల్లటి చోట ఉంచాలని నాకు తెలుసు. తోటివారిని అనుమానించి రేకుల గదిలో బీరువాలో దాచాను. వేడికి పాడయ్యాయి. వాసన లేదని పనివాడు రెండుసార్లు చెప్పాడు, నేను వినలేదు. అతను నలభై చెట్లకూ ప్రతి వారం వెళ్ళాడు. అతను రాసిన సున్నాలు నిజం. సున్నా రావడానికి కారణం నేను.' అవతలి దేశం ఆవిడ చదివి, సంతకం పెట్టి, కాయితం మడవకుండా కాసేపు చేతిలోనే ఉంచుకుంది. వెళ్ళేముందు తన ఐసు పెట్టె ఆఫీసులో వదిలేసి పోయింది. పద్దెనిమిది రోజులకు నాలుగు దేశాల నుంచి తిరుగు ఉత్తరాలొచ్చాయి. ఒక చోట మూడు రేవుల్లో ఇలాగే ఎండలో పెట్టిన బిళ్ళలు దొరికాయట.

ఊళ్ళో మాత్రం ఎవరూ దండలు వెయ్యలేదు. ఒప్పందం తెగిపోలేదు గానీ, ఆ యేడు పళ్ళన్నీ ఓడెక్కేముందు, లోపల పురుగుంటే చచ్చేట్టు, పదహారు రోజులు చలిగదుల్లో ఉంచాల్సొచ్చింది. తోటలవాళ్ళు ఆయన్ని నడివీధిలో ఆపి నానా మాటలూ అన్నారు. ఆయన తలొంచుకుని అన్నీ విన్నాడు, ఏ మాట వెనక ఏముందో వెతకలేదు. ఆఫీసులో స్టోరు పని తీసేసి చెక్కపెట్టెల లెక్కకు వేశారు. అవన్నీ ఆయన పెద్దగా పట్టించుకోలేదు. మనసంతా ఒక్కచోటే ఉంది. బావమరిదిని మళ్ళీ పనిలోకి తీసుకుంటున్నట్టు ఆర్డరు వచ్చింది, అతని పేరు మీద మచ్చ లేదని అందులో స్పష్టంగా ఉంది. దాన్ని తపాలాలో పంపొద్దని బతిమాలి, తనే పట్టుకుని వెళ్ళాడు.

బావమరిది రేవు గోదాములో పెట్టెలు పేరుస్తున్నాడు. ఈ రెండు నెలల్లో చిక్కిపోయాడు. ఈయన్ని చూసి పెట్టె కింద పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని నిలబడ్డాడు.

"తప్పంతా నాదేరా," అన్నాడు భూతద్దంగారు. దారిలో ఇంకా చాలా కూర్చుకున్నాడు గానీ అంతకుమించి రాలేదు.  "నువ్వు చెప్పినా వినలేదు. రాసిచ్చాను, అంతా రాసిచ్చాను. ఇదిగో ఆర్డరు."

అతను ఆ కాయితం పూర్తిగా చదివాడు. చివర సంతకం ఎవరిదో చూశాడు.

"రేపు ఎన్నింటికి రావాలి?"

"ఎప్పట్లాగే ఏడింటికి. రేపు పొద్దున ముందు ఇంటికి రారా. మీ అక్క ఎదురుచూస్తోంది, కలిసి టీ తాగి వెళ్దాం. నేను కూడా వస్తాను కొండ మీదికి, నలభై చెట్లూ."

"అక్కని చూడ్డానికి వస్తాను, మీరు ఆఫీసులో ఉన్నప్పుడు. కొండ మీదికి మీరెందుకు, నేను చూసుకుంటాను."

"అదేంట్రా, మీరు ఏంటి?"

అతను ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపంగా లేడు. వంగి పెట్టె భుజానికెత్తుకుంటూ, "ఏడింటికి ఆఫీసులో ఉంటాను, సరే సార్," అన్నాడు.

ఆ 'సార్'లో వెటకారం ఉందేమోనని భూతద్దంగారు అతని మొహంలోకి చూశాడు. కళ్ళల్లో చూశాడు, పెదాల చివర చూశాడు. పిసరంత దొరికినా చాలనుకున్నాడు. దొరకలేదు. అతను నిజంగానే సార్ అన్నాడు.